రాత్రివేళ ఫ్యాక్టరీల ఫోటోలు పదునుగా రావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

జీడిమెట్ల, బాలానగర్, మౌలాలి, పటాన్‌చెరు. హైదరాబాద్‌లో పగలు ఎవరూ తలెత్తి చూడని ఈ ఫ్యాక్టరీల చోట్లు చీకటి పడ్డాక వేరే ఊరిలా ఉంటాయి. డ్యూటీ దిగాక ట్రైపాడ్ భుజాన వేసుకుని అటు తిరగడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. ఫోటోలు చూసినవాళ్ళు అడిగేవి అటూ ఇటుగా అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నాను. లెన్స్ మార్చమని చెప్తానేమో అని చూస్తే నిరాశపడతారు. ఎక్కువమందికి పదును పోయేది లెన్స్ దగ్గర కాదు, కాళ్ళ కింద నేల దగ్గరా మధ్యలో ఉన్న గాలి దగ్గరా.

ట్రైపాడ్ మీదే పెట్టి తీశాను. అయినా మసకగా ఉంది. ఎందుకు?

ముందు ఆ ఫోటోను కంప్యూటర్‌లో వంద శాతానికి పెద్దది చేసి, దూరంగా ఉన్న ఒక చిన్న దీపాన్ని చూడండి. జబ్బేంటో అదే చెప్తుంది. దీపం చిన్న గీతలా సాగిందంటే, లేదా ఒకటి రెండుగా కనిపిస్తోందంటే కెమెరా కదిలింది. గుండ్రంగా బిళ్ళలా ఉబ్బిందంటే ఫోకస్ తప్పింది. అంచులు నీళ్ళలో చూసినట్టు వంకర్లు పోయాయంటే అది గాలి పని. దీపం సరిగ్గానే ఉండి చుట్టూ పాలు ఒలికినట్టు వెలుగు పరుచుకుంటే లెన్స్ మీద వేలిముద్ర ఉంది, లేకపోతే ఫిల్టర్ తీయడం మరిచిపోయారు.

నా దగ్గరకు వచ్చే ఫోటోల్లో మొదటి రకమే ఎక్కువ. ట్రైపాడ్ కదలకపోవచ్చు, అది నిలబడ్డ నేల కదులుతుంది. ఇండస్ట్రియల్ ఏరియాలో నేల ఎప్పుడూ ఊరికే ఉండదు. పక్క షెడ్డులో కంప్రెసర్, ఎదురుగా జనరేటర్, రోడ్డు మీద రెడీమిక్స్ లారీ, కాస్త అవతల గూడ్స్ బండి. మన పాదాలకు తెలియదు, దూరాన్ని దగ్గరగా లాగే టెలీ లెన్స్‌కు, అంటే 200 ఎంఎం లెన్స్‌కు తెలుస్తుంది.

బాలానగర్ వైపు ఒక ఇనుప పాదచారుల వంతెన మీద ఇది నాకు అర్థమైంది. పైనుంచి షెడ్ల వరస భలే కనిపిస్తుంది. గంటన్నర నిలబడి 40 ఫోటోలు తీశా, ఇంటికెళ్ళి చూస్తే ఒక్కటీ పనికి రాలేదు. మర్నాడు అదే చోట ట్రైపాడ్ కాలి పక్కన సగం నీళ్ళున్న సీసా పెట్టి, దాని మీద టార్చ్ వేసి చూశాను. వంతెన అవతలి చివర ఎవరో మెట్లెక్కుతుంటే ఇక్కడ నీళ్ళ మీద సన్నటి వలయాలు. కింద బస్సు పోతే నీళ్ళు మరీ గట్టిగా వణికాయి, బస్సు వెళ్ళిపోయాక కూడా కొన్ని క్షణాలు తగ్గలేదు. అప్పట్నుంచి బ్యాగులో నీళ్ళ సీసా తాగడానికే కాదు. కొత్త చోటుకు వెళ్తే ముందు సీసా, తర్వాత ట్రైపాడ్. నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడే షట్టర్. మట్టి నేల, రాతి బండ, పాత కాంక్రీటు దిమ్మె ఇవి మేలు. వంతెనలు, మేడ మీద రేకుల చూరు, డ్రైనేజీ మూత ఇవి వద్దు.

అంటే ఖరీదైన ట్రైపాడ్ అవసరం లేదా?

బరువైనది కావాలి, ఖరీదైనది కాకపోయినా పర్లేదు. మధ్య కడ్డీ పైకి లేపొద్దు. కాళ్ళు తెరిచేటప్పుడు లావు భాగాలు ముందు, సన్నవి చివర్న. బ్యాగును ట్రైపాడ్ కొక్కేనికి తగిలిస్తే మంచిదంటారు, నిజమే, కానీ గాలికి ఆ బ్యాగు ఊయల ఊగితే మొదటికే మోసం. నేలకు ఆనేలా తగిలించండి. కెమెరా స్ట్రాప్ తీసేయండి, అది గాలికి కొట్టుకుంటుంది.

స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఆఫ్ చేయాలా?

చేయండి. కొన్ని కొత్త కెమెరాలు ట్రైపాడ్‌ను తామే పసిగడతాయి గానీ మీది పసిగడుతుందో లేదో ఫ్యాక్టరీ గోడ దగ్గర పరీక్ష పెట్టుకోవడం ఎందుకు.

రిమోట్ లేదు. టైమర్ సరిపోతుందా?

సరిపోతుంది. వైడ్ లెన్స్‌కు 2 సెకన్లు, టెలీ లెన్స్‌కు 10. లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్ అయితే ఆ అద్దం ముందే పైకి లేచేలా పెట్టుకోండి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: అద్దం దెబ్బకు వచ్చే వణుకు 20 సెకన్ల ఎక్స్‌పోజర్‌ను (షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని) పెద్దగా పాడు చేయదు, ఎందుకంటే వణికింది అర సెకను, మిగతా పంతొమ్మిదిన్నర నిశ్చలం. అదే సెకనులో పదిహేనో వంతు నుంచి ఒక సెకను దాకా ఉన్న ఎక్స్‌పోజర్లలో ఆ వణుకే ఫోటో అంతా ఆక్రమిస్తుంది. సంధ్యవేళ సరిగ్గా ఈ వేగాలే తగులుతాయి. ముందు తీసినవి మసకగా, రాత్రి ముదిరాక తీసినవి బాగా వచ్చాయంటే కారణం ఇదే కావచ్చు.

చీకట్లో ఆటోఫోకస్ పట్టడం లేదు. ఫోకస్ ఎక్కడ, ఎలా పెట్టాలి?

చేత్తో. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక స్క్రీన్ మీద, బొమ్మను 10 రెట్లు పెద్దది చేసి ఫోకస్ రింగు మెల్లగా తిప్పండి. అందరూ దీపం మీద పెడతారు. దీపం మండిపోతూ ఉంటుంది, దాని అంచు ఎక్కడో కంటికి తెలియదు. దీపం పక్కన వెలుగు పడుతున్న దాన్ని వెతకండి. చిమ్నీ చుట్టూ ఉండే ఇనుప నిచ్చెన మెట్లు, ట్యాంకు మీది కటకటాలు, గోడ మీద పెయింటుతో రాసిన అక్షరాలు. నాకు నిచ్చెన మెట్లంటే ఇష్టం. ఫోకస్ దగ్గర పడేకొద్దీ అవి ఒక్కొక్కటిగా విడిపోతాయి, దాటిపోగానే మళ్ళీ కలిసిపోతాయి. అటూ ఇటూ రెండుసార్లు తిప్పి, మధ్యలో ఆగి, మాన్యువల్‌లోనే వదిలేసి రింగు మీద చిన్న టేపు అంటించండి.

లెన్స్ మీద ఉండే అనంతం గుర్తును నమ్మొద్దు. చాలా లెన్సుల్లో రింగు ఆ గుర్తు దాటి కూడా తిరుగుతుంది, ఆ చివరికి తిప్పేస్తే అన్నీ మసకే. జూమ్ మార్చినా, ఏసీ కారులోంచి దిగి అరగంట గడిచినా ఫోకస్ మళ్ళీ చూసుకోవాలి.

హైపర్‌ఫోకల్ లెక్కల గురించి కూడా అడుగుతుంటారు, అంటే దగ్గరివీ దూరానివీ కలిపి స్పష్టంగా రావాలంటే ఎంత దూరాన ఫోకస్ పెట్టాలనే లెక్క. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 24 ఎంఎం లెన్స్, అపర్చర్ (లెన్స్‌లో వెలుగొచ్చే రంధ్రం) ఎఫ్ 8 దగ్గర ఆ దూరం సుమారు 2.4 మీటర్లు. అక్కడ ఫోకస్ పెడితే ముందున్న రైలు పట్టా నుంచి వెనకున్న చిమ్నీ దాకా ఫరవాలేదనిపించేలా వస్తుంది. ఫరవాలేదు అన్నంత వరకే. ముందు ఏమీ లేకుండా దూరంగా ప్లాంటు ఒక్కటే ఉంటే ఆ లెక్క పక్కన పెట్టి ప్లాంటు మీదే ఫోకస్ చేయండి.

అపర్చర్ ఎంత?

ఎఫ్ 8. కారణం లేకుండా దీన్నుంచి కదలొద్దు. దీపాలు నక్షత్రాల్లా మెరవాలని రంధ్రం ఇంకా చిన్నదయ్యే ఎఫ్ 16, ఎఫ్ 22 దాకా పోతారు. నక్షత్రాలు వస్తాయి, కానీ చిన్న రంధ్రంలోంచి వెలుగు చెదరడం (డిఫ్రాక్షన్) వల్ల ఫోటో మొత్తం మీద పదును తగ్గుతుంది. ఎఫ్ 11 దగ్గరే చాలా లెన్సుల్లో తగినంత మెరుపు వస్తుంది. అపర్చర్ రెక్కలు సరి సంఖ్యలో ఉంటే కిరణాలు అన్నే, బేసి సంఖ్యలో ఉంటే రెట్టింపు. 9 రెక్కల లెన్స్‌తో 18 కిరణాలన్నమాట, కొంచెం దీపావళి ఎక్కువే.

చిమ్నీ నుంచి వచ్చేది దూదిపింజలా అలికేసినట్టు వస్తోంది. దాన్ని కూడా స్పష్టంగా తీయొచ్చా?

ఇది మంచి ప్రశ్న, దీనికి కొంచెం ఓపిక కావాలి. ఇనుముకు ఎక్కువసేపు కావాలి, ఆవిరికి తక్కువసేపు కావాలి. ఐఎస్ఓ (కెమెరా వెలుగుకు స్పందించే స్థాయి) 100, ఎఫ్ 8, 15 సెకన్లు ఇస్తే పైపులు, నిచ్చెనలు అద్దంలా వస్తాయి. ఆవిరి మాత్రం తెల్లటి మరక. అదే ఐఎస్ఓ 800కు పెంచితే 2 సెకన్లు చాలు, ఆవిరి సుడులు తెలుస్తాయి, కానీ నీడల్లో గరుకు (నాయిస్) కనిపిస్తుంది. నేను రెండూ తీసి, కింది భాగం మొదటి దాన్నుంచి, ఆవిరి రెండో దాన్నుంచి తీసుకుని కలుపుతాను. ట్రైపాడ్ ముట్టుకోకుండా, కెమెరా సెట్టింగు మాత్రమే మార్చాలి.

కూలింగ్ టవర్ల మీంచి తెల్లగా లేచేది చాలావరకు నీటి ఆవిరే. చలికాలంలో బాగా దట్టంగా లేస్తుంది, ఎండాకాలంలో లేచీ లేవగానే మాయమవుతుంది. ఆవిరే మీ ఫోటోకు ప్రాణమైతే డిసెంబరు దాకా ఆగండి.

దీపాలు తెల్లగా కాలిపోతున్నాయి, మిగతాదంతా నలుపు. ఏం చేయాలి?

తొందరగా వెళ్ళండి. అర్ధరాత్రి దాకా ఆగితే ఆకాశంలో వెలుగు ఉండదు, దీపాలకూ చీకటికీ మధ్య తేడా ఏ సెన్సరూ మోయలేనంత. సూర్యుడు దిగాక నీలం ఇంకా మిగిలి ఉన్న వేళ షెడ్డు కప్పుల అంచులు ఆకాశం మీద విడిగా కనిపిస్తాయి. ఆ విడిపోవడమే కంటికి పదునుగా తోస్తుంది. మన ఊళ్ళో ఆ వేళ చాలా తక్కువసేపు ఉంటుంది. డిసెంబరులో పొద్దు 5.45కు అటూ ఇటుగా గుంకుతుంది, 6 గంటల నుంచి 6.15 దాకా అసలు పని. జూన్‌లో 6.50 ప్రాంతంలో పొద్దు గుంకితే 7.10 నుంచి 7.25 దాకా. ఆ పావుగంటకు ముందే ఫ్రేము, ఫోకస్ అన్నీ సిద్ధమై ఉండాలి. షేర్ ఆటో దొరక్క ఆలస్యమైతే ఆ రోజు పోయినట్టే.

రా ఫైల్‌లోనే (సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉండే ఫైల్) తీయండి. అనుమానంగా ఉంటే రెండేసి స్టాపుల (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) తేడాతో మూడు ఫోటోలు తీసి పెట్టుకోండి. కలిపేటప్పుడు కదిలిన లారీలు దెయ్యాల్లా కనిపిస్తే చూసుకుని తుడిచేయాలి.

ఫోటో అంతా నారింజ రంగులో వస్తోంది. రంగుకూ పదునుకూ సంబంధం ఉందా?

ఉంది. రోడ్ల మీద ఎల్ఈడీలు వచ్చేశాయి గానీ పాత ఫ్యాక్టరీల ఆవరణల్లో సోడియం దీపాలు ఇంకా కనిపిస్తాయి. ఆ వెలుగులో నీలం దాదాపు ఉండదు. కెమెరాలో నీలం చూసే చుక్కలన్నీ ఖాళీగా ఉంటాయి. మీరు తర్వాత కంప్యూటర్‌లో నారింజను తెల్లగా మార్చాలని లాగితే ఆ ఖాళీ చుక్కలనే గుంజినట్టు. గరుకు లేస్తుంది, దాన్ని నునుపు చేయబోతే పైపుల అంచులు కూడా నునుపవుతాయి. కాబట్టి సోడియం దృశ్యానికి వెలుగు కాస్త ఎక్కువే పట్టనివ్వండి, నారింజను పూర్తిగా చంపొద్దు. సోడియం వెలుగు నారింజగా ఉండటమే నిజం కదా. మరీ ఇబ్బందైతే నలుపు తెలుపు చేసేయండి, నీలాన్ని వదిలేసి ఎరుపు, ఆకుపచ్చల్నే వాడుకోవచ్చు.

ఏ కాలం మంచిది?

దీని గురించి ఎవరూ అడగరు, నేనే రాసుకున్న ప్రశ్న ఇది. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా.

ఒక మే నెలలో మౌలాలి గుట్ట ఎక్కాను. కింద రైల్వే యార్డు దీపాలన్నీ పరిచినట్టు కనిపిస్తాయి. 200 ఎంఎం పెట్టాను, గాలి లేదు, బండ గట్టిది, సీసాలో నీళ్ళు కదల్లేదు. అంతా సరిగ్గా ఉంది, ఫోటో మాత్రం రాలేదు. స్క్రీన్‌లో పెద్దది చేసి చూస్తే దీపాలు పొయ్యి మీద గాలిలా వణుకుతున్నాయి. కూర్చున్న బండ మీద చెయ్యి పెడితే రాత్రి తొమ్మిదైనా వెచ్చగా ఉంది. మన ఊరి రాయి పగలంతా తాగిన ఎండను రాత్రంతా మెల్లగా వదులుతుంది. రేకుల షెడ్లు, తారు రోడ్లు, బాయిలర్లు అన్నీ అంతే. ఆ వేడి గాలి పొరల గుండా వచ్చే వెలుగు వంగుతూ వస్తుంది. ఎంత మంచి లెన్స్ పెట్టినా అది వంగిన వెలుగునే పట్టుకుంటుంది.

మందు ఒకటే, దగ్గరికి వెళ్ళడం. కిలోమీటరు దూరం నుంచి టెలీతో లాగే బదులు వంద మీటర్ల దగ్గర 35 ఎంఎంతో తీయండి. దూరం నుంచే తీయాలంటే తెల్లవారుజామున 4, 5 గంటలకు వెళ్ళండి, అప్పటికి రాయి చల్లబడి ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున ఇంకో చిక్కు: చల్లగాలి కిందే నిలిచిపోయి పొగంతా మూత పెట్టినట్టు ఆగుతుంది. పటాన్‌చెరు, బొల్లారం వైపు అలాంటి పొద్దున కళ్ళు మండుతాయి, ఫోటోలో కాంట్రాస్ట్ ఉండదు.

నా ఓటు వానాకాలానికే. గట్టి వాన పడి ఆగిన గంట తర్వాత గాలి కడిగినట్టు ఉంటుంది, నేల చల్లగా ఉంటుంది, ఫ్యాక్టరీ ముందు గుంతల్లో దీపాలన్నీ రెండోసారి వెలుగుతాయి. గుంతలకు మనకు కొదవ లేదు. ఒక్క జాగ్రత్త, ఏసీ కారులోంచి తీయగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా 20 నిమిషాలు బయట ఉంచండి.

ఎవరైనా ఆపితే? అనుమతి కావాలా?

అణు, రక్షణ రంగ సంస్థలున్న కొన్ని చోట్ల అసలు ఆలోచించొద్దు. న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్, ఈసీఐఎల్, డీఆర్‌డీఓ ల్యాబులు, కంచన్‌బాగ్‌లో మిధాని, బీడీఎల్. నిషిద్ధ స్థలాల ఫోటోలు తీస్తే 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద కేసు అవుతుంది. రోడ్డు మీద నిలబడి తీశాననే మాట అక్కడ పనికి రాదు. గుట్టల మీంచి టెలీ లెన్స్ తిప్పేటప్పుడు కూడా ఏ వైపు తిప్పుతున్నారో తెలిసి తిప్పండి. చమురు డిపోలు కూడా వదిలేయండి. డ్రోన్ ఆలోచన ఉంటే ముందు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. బేగంపేట, హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలున్న ఊరు ఇది.

మామూలు ప్రైవేటు ఫ్యాక్టరీల దగ్గర గేటు ముందు నిలబడకుండా, ముందే సెక్యూరిటీ అన్న దగ్గరికి వెళ్ళి చెప్పడం నా పద్ధతి. మొదట్లో అలా చేసేవాణ్ణి కాదు. జీడిమెట్లలో ఒకసారి 30 సెకన్ల ఎక్స్‌పోజర్ నడుస్తుండగా వెనకనుంచి టార్చ్ పడింది.

"ఏం తీస్తున్నరు సార్? లోపలికెల్లి ఫోనొచ్చింది."

"లైట్లు మంచిగున్నయన్నా, అందుకే. చూడు." స్క్రీన్ చూపించాను.

చాలాసేపు చూశాడు. "గిది మా బాయిలరేనా? పొద్దుందాక చూస్తనే ఉంట, గింత మంచిగ ఎన్నడు కనపడలే." తర్వాత తనే చెప్పాడు, "పన్నెండింటికి ఆవిరి వదుల్తరు సార్, అప్పుడు తీయుండ్రి."

ఆ సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు. కానీ అందరూ అలా ఉండరు, ఉండాలని కూడా లేదు. 2025 జూన్ 30న పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి పదుల మంది కార్మికులు పోయారు. ఆ వైపు గేటు దగ్గర ఎవరైనా వద్దంటే నేను వాదించను, సామాను సర్దుకుని వచ్చేస్తాను.

ఫ్లాష్ పనికొస్తుందా?

మీ దగ్గరున్న చిన్నదైతే రాదు, గాలిలో దుమ్మే మెరుస్తుంది. అమెరికాలో ఓ. విన్‌స్టన్ లింక్ అనే ఆయన 1950ల్లో రాత్రిపూట ఆవిరి రైళ్ళను ఫ్లాష్‌తోనే తీశాడు, కానీ ఒక్క ఫోటోకు డజన్ల కొద్దీ బల్బులు పట్టాల పక్కన అమర్చి, తీగలు లాగి. మనకు అంత ఓపిక ఎక్కడిది.

ఫోన్‌తో రాదా?

వస్తుంది, ముందు లెన్స్ తుడవండి. హలీమ్ తిన్న వేలు తగిలిన లెన్స్‌కు నైట్ మోడ్ ఏం చేయగలదు. నైట్ మోడ్ చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. చేత్తో పట్టుకుంటే కొన్ని సెకన్లే తీసుకుంటుంది, కదలకుండా పెడితే ఐఫోన్ 30 సెకన్ల దాకా పోతుంది, పిక్సెల్ నక్షత్రాల మోడ్‌లో 4 నిమిషాల దాకా. చిన్న ట్రైపాడో, గోడ మీద ఇటుకకు ఆనించడమో, ఏదో ఒకటి చేసి 3 సెకన్ల టైమర్ పెట్టండి. 1x జూమ్‌లోనే ఉండండి. చీకట్లో చాలా ఫోన్లు టెలీ కెమెరా వాడకుండా అసలు కెమెరా బొమ్మనే కత్తిరించి ఇస్తాయి. చిక్కల్లా ఆవిరితోనే, పేర్చేటప్పుడు దాన్ని ముక్కలు ముక్కలుగా అతికిస్తుంది.

ఫ్యాక్టరీ మీద చంద్రుణ్ణి కూడా పెట్టాలనుంది.

చంద్రుడు సుమారు రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతాడు. 200 ఎంఎంతో ఒక సెకను ఇచ్చినా అంచు కదిలినట్టు తెలుస్తుంది. పున్నమికి ముందు రోజు పొద్దు గుంకకముందే చంద్రుడు లేస్తాడు. ఆకాశంలో ఇంకా వెలుగుండగానే తీసేయండి.

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్?

30 సెకన్లు తీస్తే మూత పెట్టినట్టు ఇంకో 30 సెకన్ల చీకటి ఫ్రేము తీసి హాట్ పిక్సెళ్ళను (వేడికి ఊరికే వెలిగే చుక్కలను) తీసేస్తుంది. మే నెలలో ఉంచండి. ఆ నీలం పావుగంటలో మాత్రం ఆపేయండి, సగం సమయం దానికే పోతుంది.

కంప్యూటర్‌లో షార్ప్ చేసి బాగు చేయొచ్చు కదా?

ఉన్నదాన్ని తేటపరచొచ్చు, లేనిదాన్ని పుట్టించలేరు. నాయిస్ ముందు తగ్గించండి, షార్పెనింగ్ తర్వాత. లైట్‌రూమ్‌లో మాస్కింగ్ స్లైడర్‌ను ఆల్ట్ కీ పట్టుకుని జరిపితే ఎక్కడెక్కడ షార్ప్ అవుతుందో తెల్లగా చూపిస్తుంది. ఆకాశం నల్లబడి, ఇనుము మాత్రం తెల్లగా మిగిలేదాకా జరపండి. ఎప్పుడూ నాలుగు ఫ్రేములు ఒకేలా తీసే అలవాటు చేసుకుంటే వాటి సగటు తీయొచ్చు, గరుకు సగానికి తగ్గుతుంది, అంచులు చెక్కుచెదరవు. ఏ సాఫ్ట్‌వేర్ మ్యాజిక్ కన్నా నాకు ఇదే నమ్మకం.

ఇంతకీ ఈ రేకుల షెడ్లలో ఏముందని?

హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920ల నాటి థర్మల్ పవర్ స్టేషన్ ఉండేది. 1990ల్లో కూల్చేశారు. రాత్రిపూట దాని దీపాలు నీళ్ళలో ఎలా పడేవో చూపించే పదునైన ఫోటో కోసం చాలా వెతికాను, నాకు దొరకలేదు.

కుక్కలు వెంటపడుతున్నాయి. ఏం చేయాలి?

పార్లే జీ ప్యాకెట్టు. ట్రైపాడ్‌ను భుజాన కర్రలా మోయకండి, సంచీలో పెట్టండి. అవి చూసేది ఆ కర్రనే. బిస్కెట్లు మాత్రం ట్రైపాడ్‌కు దూరంగా వేయండి. తిన్న కుక్క కృతజ్ఞతగా వచ్చి ట్రైపాడ్ కాలికి ఒళ్ళు రుద్దుకుంటుంది, సరిగ్గా 30 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇరవై అయిదో సెకను దగ్గర.